తిన్నది ఒంటికి పట్టనప్పుడు

"ఆల్బుమిన్ తగ్గిపోయిందట. రోజుకి నాలుగు గుడ్లు పెట్టాలట, తెల్లసొన మాత్రమే." సికింద్రాబాద్‌లో క్యాన్సర్ చూసే ఏ ఆసుపత్రి వరండాలో కాసేపు కూర్చున్నా ఈ మాట చెవిన పడుతుంది. అన్నవాహికలోనో, జీర్ణాశయంలోనో, క్లోమగ్రంథిలోనో, పెద్దపేగులోనో క్యాన్సర్ వచ్చిన మనిషి రిపోర్టులో ఆల్బుమిన్ అనే రక్త ప్రొటీన్ ఎదురుగా 2.8 అని ఉంటుంది. ఉండాల్సింది 3.5 నుంచి 5 దాకా. ఆ మర్నాటి నుంచి ఇంట్లో కొత్త పోరు మొదలవుతుంది. భార్య గుడ్లు ఉడకబెడుతుంది. కూతురు ప్రొటీన్ పొడి డబ్బా కొనుక్కొస్తుంది. ఇంకొక్క ముద్ద, ఇంకొక్క ముద్ద అని బతిమాలతారు. ఆయన తల తిప్పేసుకుంటాడు. నెల తర్వాత మళ్ళీ రక్తం తీస్తే 2.5. ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మనం సరిగ్గా తినిపించలేదా?

ఆ ప్రశ్నకి నా దగ్గరున్న జవాబు ఒక్కటే. ఆ అంకెకీ మీ వంటకీ సంబంధం చాలా తక్కువ. అది ఎందుకో విడమరిచి చెప్పడానికే ఈ అధ్యాయం.

క్యాన్సర్ ఉన్న మనిషి చిక్కిపోవడాన్ని వైద్యులు కాకెక్సియా అంటారు. 2011లో వివిధ దేశాల నిపుణులు కలిసి దీనికి ఒక హద్దు గీశారు. ఆరు నెలల్లో ఒంటి బరువులో 5 శాతం మించి పోతే కాకెక్సియా. అసలే సన్నగా ఉన్నవాళ్ళకీ, అప్పటికే కండ తగ్గినవాళ్ళకీ 2 శాతం దాటినా చాలు. అరవై కిలోల మనిషికి 5 శాతమంటే మూడు కిలోలు. బొత్తాం కాస్త వదులైంది అనుకునే బరువే అది. అదే నిపుణులు ఇంకో సంగతి కూడా స్పష్టంగా రాశారు: పోయేది ముఖ్యంగా కండ, కొవ్వు పోవచ్చు పోకపోవచ్చు, మామూలుగా పెట్టే పోషణతో దీన్ని పూర్తిగా వెనక్కి తిప్పలేం.

మిగతా క్యాన్సర్లకంటే జీర్ణవ్యవస్థ క్యాన్సర్లలో ఇది ఎక్కువ. 1980లో అమెరికాలో మూడు వేల మందికి పైగా రోగుల బరువులు పరిశీలించిన అధ్యయనం ఒకటి ఇప్పటికీ అందరూ ఉదహరిస్తారు. చికిత్స మొదలు కాకముందే బరువు తగ్గినవాళ్ళు జీర్ణాశయ, క్లోమగ్రంథి క్యాన్సర్లలో 80 శాతం దాటారు. దీనికి ఒక కారణం అందరికీ తోచేదే. దారికి అడ్డంగా గడ్డ ఉంటే ముద్ద దిగదు. క్లోమగ్రంథి నాళం మూసుకుపోతే కొవ్వును అరిగించే ఎంజైములు పేగులోకి రావు, తిన్న నూనె, నెయ్యి మలంలో జిగటగా పోతాయి. ఇదంతా తిండి చాలక, అరగక చిక్కిపోవడం. దీనికి మందుంది: దారి తెరవడానికి స్టెంట్ వేస్తారు, అన్నంతోపాటు ఎంజైము క్యాప్సూళ్ళు ఇస్తారు, గొట్టం ద్వారా ఆహారం పంపుతారు. అయితే దారి తెరిచాక కూడా, పళ్ళెం ఖాళీ చేశాక కూడా కరిగిపోతూనే ఉండే రోగులు ఉన్నారు. వాళ్ళ సంగతే వేరు.

ఉపవాసంలో ఉన్న శరీరం చాలా పొదుపరి. మొదట కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ వాడుతుంది, తర్వాత కొవ్వు మీద పడుతుంది. మెదడు కూడా కొవ్వు నుంచి వచ్చే కీటోన్లతో సరిపెట్టుకుంటుంది. కండను వీలైనంత కాపాడుకుంటుంది, మొత్తం ఖర్చే తగ్గించుకుంటుంది. కాకెక్సియాలో ఈ పొదుపు తెలివి పనిచేయదు. తిండి తగ్గినా ఖర్చు తగ్గదు, కొందరిలో పెరుగుతుంది కూడా. కొవ్వుతోపాటే కండ కూడా కరుగుతుంది. రెంటిలోనూ మనిషి సన్నబడతాడు. అద్దంలో తేడా తెలియదు. రక్తంలో తెలుస్తుంది.

ఈ తేడా పాఠం మొదట నేర్పింది క్యాన్సర్ కాదు, పసిపిల్లల ఆకలి. అందులో ఒక పెద్ద భాగం మన సికింద్రాబాద్ పక్కనే తార్నాకలో రాసి ఉంది. 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన ప్రయోగశాల 1958లో హైదరాబాద్‌కి తరలివచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టుకుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు వెళ్ళే బస్సులోంచి రోజూ ఎందరో చూసే ఆ ఆవరణే. అక్కడ డైరెక్టర్‌గా పనిచేసిన సి. గోపాలన్ తిండి చాలని పిల్లల్లో కనిపించే రెండు రూపాలను ఏళ్ళ తరబడి పరిశీలించారు. ఒకటి మరాస్మస్: ఎముకల గూడు, ముడతలు పడ్డ చర్మం, ముసలి మొహం. రెండోది క్వాషియోర్కర్: కాళ్ళు, మొహం ఉబ్బి ఉంటాయి, జుట్టు రంగు మారుతుంది, రక్తంలో ఆల్బుమిన్ బాగా పడిపోతుంది. ప్రొటీన్ తక్కువైతే రెండోది, మొత్తం తిండే తక్కువైతే మొదటిది అని అప్పటి పాఠ్యపుస్తకాలు చెప్పేవి. గోపాలన్ 1968లో వేరే మాట అన్నారు. ఈ రెండు రకాల పిల్లలు తింటున్న తిండిలో ఆయనకి తేడా కనిపించలేదు. ఒకే రకం లేమిని ఒక బిడ్డ శరీరం సర్దుకుపోతూ తట్టుకుంటోంది, ఇంకో బిడ్డ శరీరం ఆ సర్దుబాటు చేసుకోలేకపోతోంది అని ఆయన వాదన.

క్యాన్సర్ వార్డుకి ఈ పరిశీలనతో ఏం పని? చాలా పని ఉంది. మరాస్మస్ బిడ్డ అంత ఘోరంగా చిక్కిపోయి కూడా ఆల్బుమిన్‌ను దాదాపు మామూలుగా నిలుపుకోగలుగుతుంది. మానసిక కారణాలతో తిండి మానేసి ముప్పై కిలోలకి పడిపోయిన అనొరెక్సియా రోగుల్లోనూ చాలామందికి ఆల్బుమిన్ బాగానే ఉంటుంది. అంటే కేవలం తినకపోవడం వల్ల ఆల్బుమిన్ అంత సులువుగా పడదు. పడిందంటే అక్కడ ఇంకేదో జరుగుతోంది.

ఆ ఇంకేదో పేరు ఇన్‌ఫ్లమేషన్. గాయానికో, సూక్ష్మజీవికో ఎదురుగా ఒళ్ళు చేసే ప్రతిఘటన అది. క్యాన్సర్‌లో గాయం మానదు కాబట్టి ప్రతిఘటన కూడా ఆగదు. గడ్డలోని కణాలూ, దాని చుట్టూ చేరిన తెల్లకణాలూ ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సందేశకాలను రక్తంలోకి వదులుతాయి. అవి కాలేయానికి చేరాయంటే అక్కడ ఉత్పత్తి జాబితా మారిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కాలేయం రోజుకి పది, పదిహేను గ్రాముల ఆల్బుమిన్ తయారుచేస్తుంది. ఇప్పుడు దాన్ని వెనక్కి నెట్టి సి-రియాక్టివ్ ప్రొటీన్, ఫైబ్రినోజెన్ వంటి అత్యవసర ప్రొటీన్ల మీద పడుతుంది. మరోవైపు సన్నని రక్తనాళాల గోడలు వదులై ఉన్న ఆల్బుమిన్ కూడా కణజాలంలోకి కారిపోతుంది. పాదాలు ఉబ్బుతాయి.

ఈ అత్యవసర ప్రొటీన్లకి ముడిసరుకు ఎక్కడిది? కండలోంచే. ఇక్కడే ప్రకృతి లెక్క మనకి ఎదురు తిరుగుతుంది. ఫైబ్రినోజెన్ వంటివాటికి ఫెనైల్‌అలనిన్, ట్రిప్టోఫాన్ వంటి అమైనో ఆమ్లాలు ఎక్కువ కావాలి. కండలో అవి తక్కువ. నాలుగు టేకు దూలాల కోసం పెంకుటిల్లు మొత్తం కూల్చినట్టు, ఒక గ్రాము ఫైబ్రినోజెన్ కట్టడానికి రెండున్నర గ్రాముల దాకా కండ ప్రొటీన్ కరగాలని 1990లలో వేసిన ఒక అంచనా. మిగిలిన అమైనో ఆమ్లాలు యూరియాగా మూత్రంలో పోతాయి.

కాబట్టి క్యాన్సర్ రోగి ఆల్బుమిన్ పడిందంటే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ నడుస్తోందని అర్థం చేసుకోవడం సబబు. ఆల్బుమిన్‌ను, ప్రీఆల్బుమిన్‌ను పోషకాహార కొలతలుగా వాడకండని అమెరికాలోని క్లినికల్ పోషణ నిపుణుల సంఘం కూడా 2020లో తేల్చి చెప్పింది. ఆసుపత్రుల్లో వేల రూపాయల ఆల్బుమిన్ సీసాలు ఎక్కించమని బంధువులే అడుగుతుంటారు. పొట్టలోంచి చాలా నీరు తీసినప్పుడో, అలాంటి మరికొన్ని సందర్భాల్లోనో దానికి చోటుంది. బలం కోసం ఎక్కించడం వల్ల కండ రాదు. అప్పు చేసి ఆ సీసా కొన్న కుటుంబాలను తలుచుకుంటే నాకు బాధేస్తుంది.

గుడ్ల సంగతి కూడా చెప్పేస్తాను. నాలుగు గుడ్ల తెల్లసొనలో ఉండేది సుమారు 14 గ్రాముల ప్రొటీన్. పచ్చసొన పారేస్తే ఇంకో పది గ్రాములూ, రెండొందల కేలరీలూ చెత్తబుట్టలో పడతాయి. చిక్కిపోతున్న మనిషికి పచ్చసొన తీసి పెట్టడంలో అర్థం లేదు. డాక్టరు వేరే కారణంతో వద్దంటే తప్ప పూర్తి గుడ్డే పెట్టండి, అది కూడా ఆల్బుమిన్ అంకె కోసం కాదు, కండకి కావలసిన ప్రొటీన్ కోసం.

ఆల్బుమిన్‌కి తోడుగా చూడాల్సింది సి-రియాక్టివ్ ప్రొటీన్, ల్యాబుల్లో సీఆర్‌పీ అంటారు. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ సంస్థలో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ దీన్ని న్యుమోనియా రోగుల రక్తంలో కనుక్కున్నారు. దీని అర్ధాయుష్షు 19 గంటలు, ఆల్బుమిన్‌ది దాదాపు ఇరవై రోజులు. అంటే సీఆర్‌పీ ఈ వారం కబురు, ఆల్బుమిన్ పోయిన నెల కబురు. రెండింటినీ కలిపి చదవాలన్న ఆలోచన స్కాట్లాండ్‌లోని గ్లాస్గో వైద్యులది. 2003లో వాళ్ళు ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో ఒక స్కోరు ప్రతిపాదించారు: సీఆర్‌పీ లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటితే ఒక పాయింటు, ఆల్బుమిన్ 3.5 కంటే తగ్గితే ఇంకో పాయింటు.

తర్వాత పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో చూసినప్పుడు ఒక ఆసక్తికరమైన విషయం బయటపడింది. సీఆర్‌పీ మామూలుగా ఉండి ఒక్క ఆల్బుమినే తగ్గినవాళ్ళ ఆయుష్షు మీద దాని ప్రభావం పెద్దగా లేదు. దాంతో స్కోరు సవరించారు. ఒక్క ఆల్బుమిన్ తగ్గితే ఇప్పుడు సున్నా. సీఆర్‌పీ పెరిగితే ఒకటి. పెరిగిన సీఆర్‌పీకి తగ్గిన ఆల్బుమిన్ తోడైతే రెండు. వరండాలో గుడ్ల గురించి మాట్లాడుకునే వాళ్ళందరికీ ఈ సవరణ కథ చెప్పాలనిపిస్తుంది నాకు.

సీఆర్‌పీ ఏ అంకెలో ఉందో చూసేముందు ఏ కొలతలో ఉందో చూడండి. కొన్ని ల్యాబులు లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములని రాస్తాయి, కొన్ని డెసిలీటరుకి. లీటరుకి 40 అన్నా డెసిలీటరుకి 4 అన్నా ఒకటే. రెండు ల్యాబుల రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని "నలభై నుంచి నాలుగుకి దిగింది" అని సంతోషపడే ప్రమాదం నిజంగా ఉంది. ఇంకో హెచ్చరిక మన ప్రాంతానికి మరీ ముఖ్యం. టైఫాయిడ్‌లో, మూత్రపు ఇన్‌ఫెక్షన్‌లో, స్టెంట్ దగ్గర చీము పడితే, టీబీలో సీఆర్‌పీ ఎగబాకుతుంది. టీబీ ఒంటిని కూడా కరిగిస్తుంది. పేగుల టీబీ కొన్నిసార్లు పేగు క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది. జ్వరం ఉన్న వారంలో తీసిన సీఆర్‌పీతో కాకెక్సియాని తూచకూడదు.

ఇప్పుడు ఊహకి ఒక మనిషిని తీసుకుందాం. మెట్టుగూడలో ఉంటారు, రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు, 63 ఏళ్ళు, జీర్ణాశయంలో క్యాన్సర్. ఆరు నెలల కిందట 64 కిలోలు, ఇప్పుడు 59. దాదాపు 8 శాతం పోయింది. జ్వరం లేదు. సీఆర్‌పీ లీటరుకి 42, ఆల్బుమిన్ 3.1. గ్లాస్గో స్కోరు రెండు. ఇక అందరి ఫైల్లోనూ ఉండే సీబీపీ, అంటే రక్తకణాల లెక్క, తీయండి. తెల్లకణాలు 9,200, అందులో న్యూట్రోఫిల్స్ 78 శాతం, లింఫోసైట్లు 13 శాతం. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 6. ఆరోగ్యవంతుల్లో ఇది మామూలుగా మూడు లోపే ఉంటుంది. ఇన్‌ఫ్లమేషన్ ముదిరితే న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్లు తగ్గుతాయి, నిష్పత్తి పైకి పోతుంది. జపాన్ సర్జన్ ఒనొదెరా 1984లో ఇచ్చిన ఇంకో లెక్క ఉంది: ఆల్బుమిన్‌ను పదితో గుణించి, లింఫోసైట్ల సంఖ్యని 0.005తో గుణించి, రెండూ కలపాలి. మన మనిషికి 31కి 6 కలిపితే 37. నలభైకి దిగువన పేగు కోసి కుట్టడం ప్రమాదమని ఒనొదెరా ఆనాడు హెచ్చరించారు. ఇవేవీ ఖరీదైన పరీక్షలు కావు. కీమోకి ముందు ఎలాగూ తీసే రక్తంలోంచే వస్తాయి. ఫైల్లో పడి ఉండే అంకెలు, కలిపి చదివేవాళ్ళే తక్కువ.

ఆ ఫైల్లోనే ఇంకో అంకె ఉంటుంది, ఎవరూ రెండోసారి చూడరు. సీరమ్ క్రియాటినిన్. కిడ్నీలు బాగున్నాయా లేదా అని చూడటానికి తీస్తారు. పెరిగితే భయం, తగ్గితే సంతోషం. మన రైల్వే ఆయనకి ఆర్నెల్ల కిందట 0.9 ఉండేది, ఇప్పుడు 0.6. "కిడ్నీలు ఫస్ట్ క్లాస్" అని ఎవరో అనే ఉంటారు.

క్రియాటినిన్ ఎక్కడినుంచి వస్తుందో తెలియాలంటే భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు దగ్గరకి వెళ్ళాలి. ఆయన ఇంట్లో తోబుట్టువులను స్ప్రూ అనే పేగుల జబ్బు బలితీసుకుంది. తిన్నది అరగక, ఒంటికి పట్టక మనిషి ఎండిపోయే జబ్బు అది. సుబ్బారావు కూడా దాని బారిన పడి బయటపడ్డారు. తర్వాత బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని కనుక్కున్నారు. కండ బిగుసుకునేటప్పుడు తక్షణం వాడుకునే శక్తి నిల్వ అదే. కండలోని ఈ క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌లలో సుమారు 2 శాతం రోజూ తనంతట తానే క్రియాటినిన్‌గా మారి రక్తంలోకి వస్తుంది. కిడ్నీ వడకడుతుంది. అంటే కిడ్నీ మారకుండా ఉంటే, రక్తంలో క్రియాటినిన్ కండ ఎంత ఉందో చెబుతుంది. కండ కరిగితే అది తగ్గుతుంది. పేగుల జబ్బు తన ఇంటినే ఖాళీ చేయగా చూసిన మనిషి కనుక్కున్న రసాయనం నుంచి పుట్టే క్రియాటినిన్ నేడు పేగు క్యాన్సర్ రోగి కండ ఎంత మిగిలిందో చెబుతోంది. మన పాఠశాలల్లో సుబ్బారావు పేరు పక్కన ఈ సంగతి కూడా చెబితే బాగుండును.

తగ్గిన క్రియాటినిన్‌తో ఇంకో చిక్కుంది. కిడ్నీ సామర్థ్యాన్ని లెక్కకట్టడానికి మామూలుగా వాడే సూత్రాలు క్రియాటినిన్ మీద ఆధారపడతాయి. కండ కరిగిన మనిషి కిడ్నీ నిజంగా ఉన్నదానికంటే మెరుగ్గా ఉన్నట్టు ఆ సూత్రాలు చూపిస్తాయి. కార్బోప్లాటిన్ వంటి మందుల మోతాదు ఆ అంకెని బట్టే తూస్తారు కాబట్టి మోతాదు ఎక్కువయ్యే వీలుంది. సిస్టాటిన్-సి అనే మరో ప్రొటీన్ ఒంట్లోని కణాలన్నిటి నుంచీ వస్తుంది, కండ మీద అంతగా ఆధారపడదు. రెండూ తీసి క్రియాటినిన్‌ను సిస్టాటిన్-సితో భాగిస్తే కండ అంచనా మెరుగ్గా వస్తుంది. నిష్పత్తి తగ్గిందంటే కండ తగ్గినట్టు.

బరువు తూచే మిషను ఉండగా ఇన్ని తిప్పలెందుకని అడగవచ్చు. కాలేయ క్యాన్సర్ రోగి పొట్టలో నాలుగు లీటర్ల నీరు చేరితే మిషను నాలుగు కిలోలు ఎక్కువ చూపిస్తుంది. కండ నాలుగు కిలోలు పోయినా బరువు మారలేదనిపిస్తుంది. లావుగా ఉన్న మనిషిలో కొవ్వు కింద కండ కరిగిపోతున్నా కంటికి ఆనదు. అందుకే పిక్క చుట్టుకొలత, చేతి పట్టు, సీటీ స్కాన్‌లో నడుము దగ్గరి కండ వైశాల్యం కూడా చూస్తారు. ఆసియా వాసుల కోసం 2023లో నిపుణులు వేరే హద్దులు పెట్టారు. దీర్ఘవ్యాధి ఉండి, మూడు నుంచి ఆరు నెలల్లో 2 శాతం దాటి బరువు తగ్గడమో, బాడీ మాస్ ఇండెక్స్ 21 కంటే తక్కువ ఉండటమో జరగాలి. దానికి ఆకలి మందగించడం, చేతి పట్టు మగవారికి 28 కిలోల కంటే, ఆడవారికి 18 కంటే తగ్గడం, సీఆర్‌పీ లీటరుకి 5 దాటడం, ఈ మూడింట్లో ఒకటి తోడవ్వాలి. మన ఒళ్ళు అసలే సన్నం, కండ తక్కువ. పాశ్చాత్యుల 5 శాతం దాకా ఆగితే మనకి ఆలస్యమవుతుంది.

ఇక్కడిదాకా చెప్పినవన్నీ పరోక్ష సాక్ష్యాలు. ఒళ్ళు కరగడానికి ఇదిగో కారణం అని వేలెత్తి చూపగల ఒక్క పదార్థం రక్తంలో దొరకదా? 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ ఈ సికింద్రాబాద్ కంటోన్మెంటు పక్కన బేగంపేటలో దోమ కడుపు గోడ మీద మలేరియా క్రిమిని చూసినప్పటి నుంచీ ప్రతి జబ్బుకీ అలాంటి ఒక్క దోషి దొరకాలని వైద్యశాస్త్రం కోరుకుంటూనే ఉంది. కాకెక్సియాలో ఆ ఆశ 1985లో పండినట్టే కనిపించింది. పరాన్నజీవులు సోకిన కుందేళ్ళు ఎండిపోవడం చూసి దానికి కారణాన్ని వెతుకుతూ వచ్చిన ఆంథొనీ సెరామీ, బ్రూస్ బాయిట్లర్ ఒక ప్రొటీన్‌ను వేరుచేసి కాకెక్టిన్ అని పేరు పెట్టారు. తీరా చూస్తే అది అప్పటికే తెలిసిన ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్. దాన్ని అడ్డుకునే మందులు కీళ్ళవాతం రోగుల జీవితాలనే మార్చేశాయి. క్లోమగ్రంథి క్యాన్సర్‌తో చిక్కిపోతున్నవారికి అదే తరహా మందు ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇచ్చి చూస్తే కండ నిలవలేదు. ఆ ఫలితం 2008లో వచ్చింది. దోషులు ఒకరు కాదని అర్థమైంది.

ఇప్పుడు అందరి చూపూ జీడీఎఫ్-15 అనే ప్రొటీన్ మీద ఉంది. దీన్ని 1997లో సిడ్నీలో శామ్యూల్ బ్రైట్ బృందం వివరించింది. పదేళ్ళ తర్వాత వాళ్ళే, గడ్డల నుంచి వచ్చే ఈ ప్రొటీన్ ఎలుకల్లో ఆకలిని చంపుతుందని చూపించారు. ఎక్కడ తగులుతుందో 2017లో తెలిసింది. మెదడు వెనక భాగంలో, వాంతిని పుట్టించే ప్రాంతం దగ్గర, జీఫ్రాల్ అనే గ్రాహకం మీద. రక్తంలోని పదార్థాలు మెదడులోకి చొరబడకుండా ఉండే కంచె అక్కడ పలుచన. గర్భిణుల్లో తీవ్రమైన వేవిళ్ళకి కూడా ఇదే ప్రొటీన్ కారణాల్లో ఒకటని 2023లో తేలింది. పోపు వాసనకే మొహం తిప్పుకునే రోగిని, "మనసు పెట్టి తినడం లేదు" అని కోప్పడే ఇంటివాళ్ళు ఈ మాట వినాలి. వేవిళ్ళతో ఉన్న కోడలిని ఎవరైనా బలవంతాన తినమంటారా? ఆయన ఒంట్లో పనిచేస్తున్నదీ అదే రసాయనం కావచ్చు.

సీఆర్‌పీకీ దీనికీ ఒక తేడా ఉంది. జబ్బు నడుస్తోందని సీఆర్‌పీ చెబుతుంది, తాను జబ్బు చేయదు. జీడీఎఫ్-15 తనే ఆకలిని చంపుతుంది. కొలిచిన దాన్నే అడ్డుకుంటే? 2024లో పోన్‌సెగ్రొమాబ్ అనే యాంటీబాడీతో ఆ పని చేశారు. ఊపిరితిత్తుల, క్లోమగ్రంథి, పెద్దపేగు క్యాన్సర్లతో కాకెక్సియా ఉన్న 187 మందిని తీసుకున్నారు. రక్తంలో జీడీఎఫ్-15 మిల్లీలీటరుకి కనీసం 1,500 పికోగ్రాములు ఉన్నవారినే ఎంచుకున్నారు. రక్తపరీక్ష చూసి, ఫలానా కారణంతో చిక్కుతున్నవారికే ఫలానా మందు అన్న పద్ధతి కాకెక్సియాలోకి అడుగుపెట్టిన సందర్భం ఇది. పన్నెండు వారాల తర్వాత ఎక్కువ మోతాదు తీసుకున్నవారు ఉత్తుత్తి మందు తీసుకున్నవారికంటే 2.8 కిలోలు మెరుగ్గా ఉన్నారు. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ, మెట్టుగూడ ఆయన పోగొట్టుకున్న ఐదు కిలోల్లో అది సగానికి పైనే.

దీనికీ ఒక మెలిక ఉంది, మన దగ్గర మరీను. మధుమేహానికి ఇంటింటా వాడే మెట్‌ఫార్మిన్ కూడా రక్తంలో జీడీఎఫ్-15ని పెంచుతుంది. ఆ మందు వల్ల బరువు కాస్త తగ్గడానికి అదొక కారణమని 2019 చివర్లో వచ్చిన పరిశోధన. కిడ్నీ జబ్బులో, గుండె జబ్బులో, వయసుతో కూడా ఇది పెరుగుతుంది. రేపు ఈ పరీక్ష మన ల్యాబులకి వచ్చినప్పుడు, మెట్‌ఫార్మిన్ వాడుతున్న రోగి అంకెని వేరే కళ్ళతో చూడాలి. అలాగని ఎవరూ తమంతట తాము మందు మానకూడదు. ఇంకో మాట: యాభై దాటాక కొత్తగా షుగరు వచ్చి, అదే సమయంలో బరువు కూడా తగ్గుతుంటే అది క్లోమగ్రంథి క్యాన్సర్ మొదటి జాడ కావచ్చు. అందరికీ కాదు, కానీ డాక్టరుకి చెప్పాల్సిన మాటే. 2014లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, క్లోమగ్రంథి క్యాన్సర్ బయటపడటానికి రెండు నుంచి ఐదేళ్ళ ముందు నిల్వచేసిన రక్తంలోనే లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే అమైనో ఆమ్లాలు ఎక్కువగా కనిపించాయి. కండ అప్పుడే కరగడం మొదలైందన్నమాట, మనిషికి ఏమీ తెలియకముందే.

ఆ యాంటీబాడీ వచ్చేదాకా ఆగక్కర్లేని మందు కూడా ఒకటుంది, దాని సాక్ష్యం మన పొరుగునుంచే వచ్చింది. పుదుచ్చేరిలోని జిప్‌మర్ వైద్యులు జీర్ణాశయ, కాలేయ, పిత్తాశయ, క్లోమగ్రంథి, ఊపిరితిత్తుల క్యాన్సర్లతో కీమో మొదలవుతున్న 124 మందిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి రోజూ 2.5 మిల్లీగ్రాముల ఒలాంజపిన్ పన్నెండు వారాలు ఇచ్చారు. ఎప్పటినుంచో మానసిక వైద్యంలో వాడుతున్న చవక మాత్ర అది. మాత్ర తీసుకున్నవారిలో 60 శాతం మంది బరువు 5 శాతానికి మించి పెరిగింది. తీసుకోనివారిలో 9 శాతం. ఆ ఫలితాలు 2023లో అచ్చయ్యాయి, అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం తన సూచనల్లో చోటిచ్చింది. మగత వస్తుంది, అందరికీ సరిపడదు, డాక్టరే రాయాలి. కానీ వరంగల్ నుంచో, నిజామాబాద్ నుంచో రైలెక్కి సికింద్రాబాద్ వచ్చే రోగి కొనుక్కోగల మందు. జపాన్‌లో 2021లో అనామొరెలిన్ అనే మాత్రకి కూడా అనుమతి వచ్చింది. అది ఆకలి హార్మోను గ్రెలిన్‌లా నటిస్తుంది.

తిండి మానేయమని దీని అర్థం కాదు. క్యాన్సర్ రోగికి కిలో బరువుకి 25 నుంచి 30 కేలరీలు, ఒక గ్రాముకి మించి, వీలైతే 1.5 గ్రాముల దాకా ప్రొటీన్ కావాలని యూరప్ పోషణ నిపుణుల సూచన. మన 59 కిలోల మనిషికి రోజుకి 60 నుంచి 90 గ్రాముల మధ్య ప్రొటీన్. మూడు పూటల పెద్ద భోజనంలో అది ఎక్కదు. ఆరేడుసార్లు చిన్నచిన్నగా, వాసన రాకుండా చల్లార్చి, పెరుగు, పప్పు, చేప, పాలు, పల్లీలు ఏది నచ్చితే అది. కొంచెం నడక, కూర్చుని లేచే కసరత్తు. కదలని కండ పెట్టిన ప్రొటీన్‌ను అందుకోదు. కాకెక్సియాకి మూడు దశలు. ఇదంతా మొదటి రెండు దశల పని. అంకెలు మారడం మొదలైనప్పుడే, బట్టలు వదులయ్యేలోపే మొదలుపెడితే ఫలం ఎక్కువ.

2011 నాటి నిపుణులు మూడో దశ ఒకటి చెప్పారు. క్యాన్సర్ ఏ మందుకీ లొంగక, మనిషి మంచం దిగలేక, ఆయుష్షు మూడు నెలలకంటే తక్కువ మిగిలిన దశ. అక్కడ సీఆర్‌పీ, ఆల్బుమిన్, నిష్పత్తులు ఏమీ కొత్తగా చెప్పవు. వారం వారం సూది గుచ్చి రక్తం తీయడం ఆపమని డాక్టరును అడిగే హక్కు కుటుంబానికి ఉంది. ఆ దశలో నరంలోంచి ఎక్కించే పోషణ కండనివ్వదు. చాలామందిలో ఊపిరితిత్తుల్లో, కాళ్ళలో నీరు చేరుస్తుంది. దాన్ని మొదలుపెట్టవద్దనే మార్గదర్శకాలు చెబుతున్నాయి. తినాలనిపించింది, తినాలనిపించినప్పుడు, ఒక చెంచా అయినా సరే పెట్టండి. నోరు ఎండకుండా తడపండి, నొప్పికి మార్ఫిన్ అడగండి, మలబద్ధకానికి మందు అడగండి. తినను అన్నప్పుడు బలవంతం చేయకండి. ఆ తినలేకపోవడం జబ్బు చేసిన పని, మీ చేతి వంటది కాదు.